అరచేతి ఎరుపు

ఏమండీ,

పొయ్యి మీద పాత గిన్నెలో మీ షిఫ్టువాళ్ళ టార్చీల ప్లాస్టిక్ గొట్టాలు రంగునీళ్ళలో నానుతున్నాయి. పగటి షిఫ్టువాళ్ళవాటితో కలిసిపోకుండా అన్నిటికీ నీలమే వేశాను. బల్బులూ స్ప్రింగులూ తీసి కిటికీలో పెట్టాను, పారేయకండి. లేవగానే పొయ్యి వెలిగించి, సన్నసెగ మీద కాసేపు గరిటెతో తిప్పండి. నీళ్ళు మాత్రం మరగనివ్వకండి. మొన్న మీరు తొందరపడి మంట పెంచితే మేస్త్రీగారి టార్చి దోసకాయలా వంకరపోయి మూతే బిగుసుకోలేదు. మళ్ళీ కొరివితో తల గోక్కోకండి. తీశాక చన్నీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టండి. ఆ గిన్నెలో టీ పెట్టుకునేరు!

మీ టార్చి అందులో లేదు, వెతక్కండి. తలుపు పక్క మేకుకి తగిలించాను. అర్ధరాత్రి షిఫ్టు దిగి మీరొచ్చేసరికి నేను పడుకుని ఉంటాను, మీరు లేచేసరికి నేను పనిలో ఉంటాను. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని నాకు చెప్పేది మీరు కడిగి బోర్లించిన కంచం ఒక్కటే. నా నిద్ర చెడుతుందని మీరు లైటు వేయకుండా, టార్చిని అరచేత్తో మూసుకుని గదిలోకి వస్తారు. అప్పుడు మీ వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. మీ టార్చికి ఆ ఎరుపే తేవాలని చూశాను. ఎంత ముంచినా బీట్‌రూట్ రంగే వచ్చింది. దానికే అలవాటు పడండి.

అన్నట్టు, మీ వేళ్ళ రంగు నాకెలా తెలిసిందని అడక్కండి. మీరు వచ్చేదాకా నాకు నిద్రెక్కడిది? ఈ రాత్రి లైటే వేసేయండి.