తడి ఆరకముందే

సుభద్రా,

డిసెంబరు తొమ్మిదిన, ములక్కాడల పులుసు తిన్న రాత్రి, అమ్మమ్మ దుప్పటి మీద నెత్తురు మరకలు మొదటిసారి చూశాం. దురదకి గోకి గీరుకున్న చోట్లలో ఒకటి ఇప్పుడు చీము పట్టింది. షుగరున్న ఒళ్లు, ఇంకొకటి ఇలాగే ముదిరితే కాలు దక్కదన్నారు డాక్టరుగారు.

నేను రైలు డ్యూటీకి బిలాస్‌పూర్ పోతున్నాను, ఎల్లుండి వస్తాను. స్నానానికి నీళ్లు గోరువెచ్చగానే తోడు. పీచూ, బట్టల సబ్బూ దాచేశాను. ఎక్కడని అడిగినా చెప్పకు. "ఇంజన్ల మసే తల్లీ ఈ దురద, తోమితే పోతాది" అంటుంది. పోతున్నది మసి కాదు, చర్మం. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఆ తడి ఆరకముందే ఒళ్లంతా వాజ్‌లైన్ రాయి. పుండు మీద మాత్రం డాక్టరుగారిచ్చిన మందే.

స్నానమయ్యాక జిడ్డు రాయడం అశుభమని గొణుగుతుంది. మీ అమ్మ పోయిన రోజు, ఆఖరి స్నానం చేయించాక నూనె రాసింది ఆవిడే. ఆ మాట ఎత్తితే విను, చెయ్యి మాత్రం ఆపకు.

నిన్న పాదాలకి నేనే రాయబోతే లాక్కుంది. "అల్లుడి చేత కాళ్లు పట్టించుకున్నానని ఊళ్లో తెలిస్తే ఇంకేటుంది బాబూ" అని నవ్వింది కూడా. అయినా వదలక రాశాను. రాసినంతసేపూ గోకలేదు.

నాన్న

మరో మాట. ఈమధ్య రాత్రిళ్లు గోకుడు వినబడక, తగ్గిందనుకున్నాను. నిన్న రాత్రి మంచినీళ్లకి లేచి చూశాను. మనకి వినబడకూడదని ఆవిడ మెల్లగా గది తలుపు వేసుకుంటోంది.