ఎత్తలేని చెయ్యి

శ్రావణీ, బిడ్డా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బేస్‌బాల్ ఆడే పిల్లలకి ఇకనుంచి లోహపు బ్యాటా, కట్టె బ్యాటా అని తేల్చడానికి పొద్దున పిల్లల తల్లిదండ్రులందర్నీ మీ బడికి పిలిచారు. లోహపు బ్యాటుతో కొడితే బంతి మరీ వేగంగా వస్తుందని, నీ తలకు తగిలింది అందుకేనని అందరూ అన్నారు.

"కట్టెవి ఊకె ఇరుగుతయి గద, పిల్లలు ఏంతోని ఆడాలె?" అన్నాడు పూజ వాళ్ల నాన్న ఒక్కడే. ఆ రోజు బంతి కొట్టింది పూజే. ఆ పిల్ల మళ్లీ బ్యాటు ముట్టలేదట.

అసలు సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. కుంఠా నాకా దగ్గర నేను పనిచేసే కార్ఖానాకి నువ్వు అన్నం డబ్బా తెచ్చినప్పుడు, పవర్‌లూమ్‌ల చప్పుడులో మాట వినపడక సైగలే చేసుకునేవాళ్లం. చెయ్యెత్తితే 'ఇటు చూడు' అని. ఆ రోజు నీకు డబ్బా తెచ్చింది నేను. పిలిస్తే వినపడే మైదానంలో, అలవాటుకొద్దీ చెయ్యెత్తాను. అప్పుడే బంతి విసిరిన నువ్వు నా వైపు తిరిగి నవ్వావు; పూజ కొట్టిన బంతి నీ మీదికి రావడం చూడలేదు.

"కట్టె బ్యాట్లే కావాలన్నోళ్లు చేతులెత్తుండ్రి," అన్నాడు మీ సర్. పూజ వాళ్ల నాన్న తప్ప అందరూ ఎత్తి నావైపు చూశారు. నా చెయ్యి లేవలేదు.

పూజ వాళ్ల నాన్న వచ్చి ఆ చేతినే కళ్లకద్దుకున్నాడు. "మా పోరిని మాఫ్ చేసినవ్ అన్నా," అని ఏడ్చాడు.

అప్పుడు కూడా చెప్పలేకపోయాను, బిడ్డా.