సైడు అయిపోనాది బావా

పాతపట్నం, విశాఖపట్నం
17 నవంబరు 2024, ఆదివారం

నీలకంఠం బావకి,

జిలానీ బాషా సలాము. జోగమ్మ చెల్లెమ్మకి నా దువా చెప్పు. మేమిక్కడ ఉన్నాం, నువ్వక్కడ ఉన్నావని విన్నాను. ముప్పై మూడేళ్ళ తర్వాత క్షేమసమాచారాలు ఇంతకంటే పెంచి రాస్తే వేళాకోళంలా ఉంటుంది.

అసలు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీశాను. రెండుసార్లూ అందులో పకోడీలు పెట్టుకుని తినేశాను. ఫోన్ చేద్దామా అంటే నీ మాట పోయిందని హమీదా చెప్పింది. పూర్ణా మార్కెట్లో ఎండుచేపల దగ్గర జోగమ్మ కనపడిందట. గొంతుకి ఆపరేషన్ సేసినారు వదినా, మనిషి బాగానే ఉన్నాడు, మాటే లేదు, పలక మీద రాసి సూపిత్తన్నాడు, కూరలో ఉప్పు తగ్గితే మటుకు పెద్దచ్చరాల్తో రాత్తన్నాడు అందట. నవ్వుతూనే చెప్పిందట. హమీదా ఇంటికొచ్చి ఆ రోజు ఆ చేపలు వండలేదు.

ఫోన్ చేస్తే నేను మాట్లాడాలి, నువ్వు వినాలి. మన మధ్య ఎప్పుడూ జరిగిందీ అదే గదా. ఉత్తరమైతే నీ ఇష్టం వచ్చినచోట ఆపి అవతల పడేయొచ్చు. అందుకని రాస్తున్నాను. నా రాత సంగతి నీకు తెలుసు. ఐదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. మిగతా తెలుగంతా సినిమా హాళ్ళ బయట అమ్మే పాటల పుస్తకాల్లో కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ తెలుగుతో వచ్చిన తంటా ఏమిటంటే, రేషన్ కార్డుకి అర్జీ రాసినా ఎక్కడో ఒకచోట వెన్నెల వచ్చేస్తుంది. ఇందులో రాకుండా చూసుకుంటాను.

చెప్పొచ్చేదేమిటంటే, బావా, నీ గొంతు దొరికింది.

పెందుర్తిలో సాయిశంకర్ అని ఒక కుర్రాడు. బీచ్ రోడ్డులో కాఫీ షాపు నడుపుతున్నాడు. ఇల్లు మారుతుంటే వాళ్ళమ్మగారి కేసెట్ల పెట్టె బయటపడిందట. ఎవరినో అడిగి టేప్ రికార్డర్ తెచ్చుకుని విన్నాడు. పాటలేవీ అతనికి నచ్చలేదు. సైడు చివర నువ్వొచ్చావు. సైడు అయిపోనాది బావా, తిప్పు, అని.

ఆ మాట ఎలా పుట్టిందో నువ్వు మర్చిపోయి ఉండవు గానీ, చెప్పుకుంటే నాకు బాగుంటుంది. ఎనభై ఆరు అనుకుంటాను. పోర్టులో క్రేను నడిపే గంగాధరరావు ఖాళీ కేసెట్టులో ఎక్కించమని మన షాపుకి పన్నెండు పాటల లిస్టు రాసుకొచ్చాడు. సైడుకి ముప్పై నిమిషాలు. ఆరు పాటలు ఎక్కాక రెండు నిమిషాలు మిగిలాయి. ఏడో పాట పెడితే సగంలో తెగుతుంది, తెగితే ఊరుకునే మనిషి కాడు. సరే అని ఖాళీ వదిలేశాం. మర్నాడు తన కొత్త టేప్ రికార్డర్‌ని ముక్కలు ముక్కలుగా గోనెసంచిలో పోసుకుని వచ్చాడు. పాట ఆగిపోనాది, మిషను సెడిపోనాదని ఇప్పేసినాను, ఇప్పుడు బిగించడం రావట్లేదు, మీరే బిగించండి అని బల్ల మీద కూచున్నాడు. నువ్వు మధ్యాహ్నం దాకా బిగించావు. ఒక స్క్రూ మిగిలిపోయింది. అది జేబులో వేసుకుని, ఆయన కేసెట్టు చివర ఖాళీలో మైకు దగ్గరకి వంగి ఆ మాట అన్నావు. గంగాధరరావు విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజునుంచి మన షాపులో రికార్డు చేసిన ప్రతి కేసెట్టులోనూ ఆ మాట ఉండాల్సిందే. లేకపోతే ఇది బాషా రికార్డింగ్ సెంటర్ కేసెట్టు కాదని తిప్పి తెచ్చేవారు. పెళ్ళి భోజనాల్లో బంతి లేచేటప్పుడు కూడా జనం అదే అనేవారు.

ఆ ఒక్క ముక్కనీ సాయిశంకర్ వీడియో చేసి పెడితే, ఇప్పుడది ఫోన్లలో తిరుగుతోంది. లక్షలమంది విన్నారట. క్రికెట్ మ్యాచ్ పోతే నీ గొంతు. ఉద్యోగం ఊడితే నీ గొంతు. ప్రేమ చెడితే నీ గొంతు. టీషర్టుల మీద అచ్చు వేశారు. మా ఆసిమ్ కూతురు, నా మనవరాలు మెహక్ ఉంది, నువ్వు చూడలేదు, ఇరవై ఒకటి. అది ఆ టీషర్టు తొడుక్కుని వచ్చి, దాదా, ఇంతకీ ఇందులో ఏటి తిప్పమంటన్నారు అని అడిగింది. కేసెట్టుకి రెండు వైపులుంటాయమ్మా అని చెప్పాను. అయితే ఒకవైపు వింటుంటే రెండోవైపు తనంతట తనే వెనక్కి పోతా ఉంటాదా అంది. పదిహేడేళ్ళు ఆ షాపులో కూచున్నాను. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఆ పూట నాకేం చేయబుద్ధి కాలేదు.

మా అబ్బా గుర్తున్నాడా నీకు? గిన్నెలకి కళాయి వేసి, మసి చేతులతోనే షాపుకొచ్చి స్టూలు మీద కూచునేవాడు. మనం ప్రాణం పెట్టి రికార్డు చేసే పాటలు విని, ఏటిరా ఇవి, నా కళాయి డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టున్నాయి అనేవాడు. ఆయనకి పాటంటే నాటకం పద్యమే. పదిహేనేళ్ళప్పుడు ఇక్కణ్ణుంచి అనకాపల్లి దాకా నడిచి వెళ్ళాడట, ఎవరో ఒకాయన ఒక్క పద్యం అరగంట పాడతాడంటే. తిరిగొచ్చేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయని చెప్తూ ఆ బొబ్బలు ఇంకా ఉన్నట్టు పాదాలు నిమురుకునేవాడు. నువ్వూ నేనూ ఆయన వెనకాల నవ్వుకునేవాళ్ళం.

తర్వాత నా వంతు వచ్చింది. ఆసిమ్ కుర్రతనంలో వచ్చిన పాటల్ని నేను తిట్టుకుంటూ రికార్డు చేసేవాణ్ణి. వాడు పక్కనే కూచుని ఆ తిట్లన్నీ విన్నాడు. మొన్న కారులో రేడియోలో అలాంటి పాటొకటి వచ్చింది. ఎన్.ఏ.డి. జంక్షన్ దాటాక వాడు బండి పక్కకి తీసి ఆపేశాడు. ఏమైందిరా అన్నాను. చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు. నలభై అయిదేళ్ళవాడు, బ్యాంకులో కూచుని ఎదుటివాడి కళ్ళలోకి చూసి లోన్ లేదని చెప్పే మనిషి. అబ్బా, ఆ రోజుల్లో పాటలంటే పాటలు అన్నాడు నాతో. నాతో! వెనక బస్సువాడు హారన్ కొట్టకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్ళం.

ఇక మెహక్. ఇరవై ఒక్క ఏళ్ళకి దానికీ పాతరోజులున్నాయి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఫోన్లో ఒక రింగ్‌టోన్ ఉండేదట. అది ఎక్కడైనా వినపడితే చేతిలో పని వదిలేసి నిలబడిపోతుందట. రింగ్‌టోన్, బావా. ఎవరో పిలుస్తున్నారు తియ్యమని చెప్పే గంట. లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. పాలు పొంగిపోతుంటే స్టూలు మీద మా అబ్బా మొహం గుర్తొచ్చింది. మన వంక ఆయన ఎలా చూసేవాడో, నేను ఆ పిల్ల వంక సరిగ్గా అలాగే చూస్తున్నాను.

అలసటగా ఉంది. మోకాళ్ళ సంగతి కాదు. ఎవడికి పదిహేనో ఏట ఏది వినపడితే అదే వాడికి సంగీతం, మిగిలిందంతా గోల, ఈ ముక్క తెలుసుకోడానికి నాకు డెబ్భై ఒక్క ఏళ్ళు పట్టింది. తెలిసి చేసేదీ ఏం లేదు.

సరే, దారి తప్పించింది చాలు. అసలు సంగతికొస్తాను.

తొంభై ఒకటి, మే నెల. నువ్వు అడిగింది ఒక్కటే. బావా, చివర్న గొంతు నీలకంఠం అని ఒక ముక్క కలుపుతాను, రెండు సెకన్లు, టేపేటీ అరిగిపోదు అన్నావు. షాపులో నలుగురున్నారు. ఆ నలుగురి ముందూ నేను నవ్వాను. ఉత్తరం మీద ముద్దర గుద్దినోడి పేరు రాత్తారేటి బావా అన్నాను. వాళ్ళూ నవ్వారు. నువ్వు హెడ్‌ఫోన్లు తీసి, తీగ చక్కగా చుట్టి, మేకుకి తగిలించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. విసిరికొట్టి ఉంటే మర్నాడు పొద్దున్నే మీ ఇంటికొచ్చి కూచునేవాణ్ణి. చుట్టి తగిలించావు గనక రాలేకపోయాను.

నువ్వు స్టీల్ ప్లాంటులో చేరావు. నీ గొంతుని మాత్రం నేను ఉంచేసుకున్నాను. కొత్తగా చెప్పించుకుందామని ఇద్దర్ని పిలిచి చూశాను. ఒకడు వార్తలు చదివినట్టు చదివాడు. రెండోవాడు తుపాను హెచ్చరిక చెప్పినట్టు చెప్పాడు. విసుగొచ్చి నీ పాత టేపులోంచే ఎక్కిస్తూ ఇంకో తొమ్మిదేళ్ళు నడిపాను. కేసెట్టు కవరు మీద నా పేరు, లోపల నీ మాట. గొంతు బాషాదే అనుకున్నారు జనం. ఎవరూ నన్ను అడగలేదు. అడిగినా ఏం చెప్పేవాణ్ణో నాకు తెలీదు.

గాజువాకలో టీ కొట్టు దగ్గర నీ మాట నీకే వినపడిందట ఒకసారి. ఇది నా గొంతే అన్నావట. కొట్టువాడు, ఊరుకోండి సార్, అది పాతపట్నం బాషాగారి గొంతు, నానెరగనా అన్నాడట. పక్కనున్నవాళ్ళు నవ్వారట. నువ్వు సగం టీ వదిలేసి వచ్చేశావట. నీతో డ్యూటీ చేసే వీర్రాజు కేసెట్టు కోసం వచ్చి ఈ సంగతి చెప్పాడు. చెప్పి పాతికేళ్ళు దాటింది. నేను విని, ఆయన కేసెట్టుకి లేబుల్ అతికించి ఇచ్చాను.

మన పాత లేబుల్ చూసి, ఆ షాపు ఎవరిదని సాయిశంకర్ ఫోన్లోనే అందర్నీ వాకబు చేశాడు. అది చూసి మెహక్ ఎగిరి గంతేసి, ఆ గొంతు మా దాదాదే అని చెప్పేసింది. పోయిన శనివారం సాయంత్రం వాళ్ళ కాఫీ షాపులో పాతరోజుల పండగట. రమ్మన్నారు. హమీదా కొత్త చీర కట్టుకుంది. వెళ్ళి చూద్దుము గదా, కేసెట్లలో రిబ్బనంతా బయటికి లాగి గుమ్మానికి తోరణాలు కట్టారు. నాకు కోడి పేగులు చూసినట్టయింది. బల్ల మీద ఒక టేప్ రికార్డర్ పెట్టి చుట్టూ పూలు చల్లారు. అది పనిచెయ్యదు. పాటలు ఫోన్లోంచే వస్తున్నాయి. అరవైమంది దాకా పిల్లలు, అందరి ఛాతీల మీదా నీ మాటే. నన్ను సోఫాలో కూచోబెట్టి, ఆ గొంతు ఈయనదే అని చెప్పి చేతికి మైకు ఇచ్చారు.

నేను లేచి నిలబడి చెప్పేశాను. బాబూ, షాపు నాది, గొంతు నాది కాదు, మా బావ నీలకంఠానిది, గాజువాకలో ఉంటాడు అని అందరికీ వినపడేలా చెప్పాను. వాళ్ళు లేచి నీకోసం చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు.

ఇది నీకు తెలియాలని రాశాను. జవాబు రాయాలని లేదు. రాస్తే మాత్రం పెద్దచ్చరాల్తో రాయి, నా కంటికి ఆపరేషన్ ఇంకా కాలేదు. హమీదా నీకూ జోగమ్మకీ సలాములు చెప్పమంది.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే నీ బావ,
జిలానీ బాషా

తా.క.

20 నవంబరు, బుధవారం. ఉత్తరం మడిచి పోస్టు చెయ్యకుండా మూడు రోజులు ఉంచుకున్నాను. నిన్న హమీదాకి చదివి వినిపించాను. ఆఖరి కాగితం దగ్గర, అక్కడ నేనూ ఉన్నాను కదండీ అంది. అంతే అంది. లేచి బియ్యం ఏరుకోడానికి వెళ్ళిపోయింది.

చెప్పలేదు బావా. మైకు చేతికొచ్చాక సాయిశంకర్, అంకుల్, ఒక్కసారి, ఒకే ఒక్కసారి అన్నాడు. కాదు అందామనే నోరు తెరిచాను. నీ మాట వచ్చింది. నువ్వు సాగదీసినచోటే సాగదీశాను. నాది పీలగొంతు, ముసలి గొంతు, నీ గొంతుకి ఏ మూలా పోలిక లేదు. అరవైమందిలో ఒక్కరికి కూడా తేడా తెలీలేదు. లేచి ఈలలు వేశారు. ఒక అమ్మాయి ఏడ్చింది కూడా. హమీదా ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి అన్నాను.

ఇవాళ పొద్దున్న బస్సెక్కి సాయిశంకర్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. అయ్యో, దానిదేటుంది అంకుల్, ఎవరి గొంతైతే ఏటి, ఆ ఫీల్ వచ్చిందా లేదా అన్నాడు. మంచి కుర్రాడే. కాఫీ తెప్పించాడు. తాగి కూడా నేను లేవలేదు. చివరికి ఫోన్ తీసి, ఆ వీడియో కింద గొంతు నీలకంఠం, గాజువాక అని రాసి నాకు చూపించాడు. చూసేసినవాళ్ళు మళ్ళీ వచ్చి చదవరు అంకుల్ అని, నీ పేరుతో విడిగా ఇంకోటి కూడా పెట్టాడు.

సాయంత్రానికి దాన్ని ముగ్గురు చూశారు. మెహక్ చూసింది, ఆసిమ్ చూశాడు. మూడోవాళ్ళు ఎవరో తెలీలేదు.