కౌజుపిట్టల కొండకు దారి

వాదీ రమ్,
ఏప్రిల్ 19, 1986

అన్న దైఫల్లాకు,

తమ్ముడు సువైలిం సలాం చేసి రాస్తున్నాడు. అల్లా దయవల్ల ఇక్కడ అమ్మ, వదిన, పిల్లలు, నేను అందరం కులాసా. మఫ్రక్ దండులో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం నీళ్ళ లారీ డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. వదిన నాచేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి నీ దగ్గు గురించి రాసిన చోట ఆపించి, ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదవమంది. కాబట్టి ఈసారి రాసేటప్పుడు దగ్గు తగ్గిందో లేదో అన్నిటికంటే ముందు రాయి.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. తెల్ల ఒంటె కాలి పుండు మానింది, మొన్న ఊట దాకా కుంటకుండా నడిచింది. నాయిఫ్‌కి ముందు పన్ను ఊడింది. నీ కొడుకు దాన్ని సూర్యుడి మీదికి విసిరి, "గాడిద పన్ను తీసుకో, జింక పన్ను ఇవ్వు" అని లోయంతా మారుమోగేలా కేక పెట్టాడు. వానలు ఈ ఏడు రెండుసార్లు బాగా పడ్డాయి. ఎర్ర ఇసుక మీద పచ్చగా నూగు వచ్చింది. మేకలు గుడారం వైపు తిరిగి రావడం మానేశాయి, మేమే వెళ్ళి బతిమాలి తోలుకొస్తున్నాం. అమ్మని కొండల జోలికి వెళ్ళనివ్వద్దనీ, మోకాళ్ళకి మీ మిలిటరీ డాక్టరు ఇచ్చిన మాత్రలు మరిచిపోకుండా వేయమనీ రాశావు. మాత్రలు వేసుకుంటోంది. మొదటి మాట గురించి తర్వాత చెబుతాను. తొందరపడి చివరి కాగితం ముందు చదవకు.

ఈ మధ్య కొండలెక్కే విదేశీయులు వస్తున్నారని నీకు తెలుసు. పోయిన నెల ఆస్ట్రియా నుంచి ఒక జంట వచ్చింది. ఆయన పేరు గెర్‌హార్డ్, వడ్రంగి. భార్య ఉల్రికే అమ్మాన్ ఆసుపత్రిలో రెండేళ్ళు నర్సుగా చేసింది, మన భాష బాగానే మాట్లాడుతుంది, కాకపోతే పట్నం యాసలో. వాళ్ళు కౌజుపిట్టల కొండ చుట్టూ మూడు రోజులు తిరిగి, ఎక్కే దారి దొరక్క ముతైర్ బాబాయి గుడారంలో కాఫీకి కూర్చున్నారు. బాబాయి మామూలుగానే నాన్న కథ ఎత్తుకున్నాడు. ఆ కొండ ఎక్కిన మొదటివాడు మా అన్న, కొండమేక వెంటపడి పైకెక్కాడు, అంటూ. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నాన్న నన్ను పదేళ్ళప్పుడు తీసుకెళ్ళాడు, దారి నాకు తెలుసు అనేశాను.

అన్నా, నాన్న నన్ను తీసుకెళ్ళింది సగం దాకానే. ఆ సంగతి నీకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. రాతి మీద నల్లటి నీటిచార ఉన్న పెద్ద బండ దాకా బాగానే వెళ్ళాను. అక్కణ్ణించి ఎడమకు తిరిగితే చీలిక ఒకటి కనిపించింది, అదే అనుకుని దూరాను. అది చెప్పు వెడల్పు కూడా లేని అంచు మీదకు తీసుకెళ్ళి వదిలేసింది. పైకి పోవడానికి పట్టు లేదు, వెనక్కి రావడానికి ధైర్యం లేదు. రెండు చేతులా రాయిని కౌగిలించుకుని నించున్నాను. గెర్‌హార్డ్ పాపం నా చంకల కింద తాడు కట్టి, బావిలోకి చేద దింపినట్టు దింపాడు. సాయంత్రానికి లోయంతా తెలిసిపోయింది. "ఎక్కడం తండ్రి నేర్పాడు, దిగడం ఆస్ట్రియా నేర్పింది" అన్నాడు బాబాయి. నవ్వినవాళ్ళలో వదిన కూడా ఉంది.

అమ్మ నవ్వలేదు. రొట్టెల పిండి పిసుకుతూ, "నల్లచార నీకు ఏ చేతి వైపు వచ్చింది?" అని అడిగింది. కుడి చేతి వైపు అన్నాను. అంటే ఎడమకు పోయావన్న మాట, అని తల ఊపి, అప్పుడు నవ్వింది.

"మీ నాన్న కూడా మొదటిసారి ఎడమకే పోయాడ్రా. ఆ అంచు మీదే నించుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. నేను పైనుంచి చూశాను."

పైనుంచి నువ్వెలా చూశావని అడిగాను. తప్పిపోయిన మేక కోసం పదిహేడో ఏట తనే దారి వెతుక్కుని ఎక్కిందట. నాన్నతో అప్పటికింకా పెళ్ళి మాట కూడా లేదు. పైనుంచి గులకరాయి విసిరి, కుడికి రమ్మని సైగ చేసిందట. నాన్న కొండెక్కిన కథ ముప్పై ఏళ్ళుగా ప్రతి కాఫీ దగ్గరా వింటున్నాం కదా, ఎప్పుడూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"ఎవరడిగారు? అయినా మగాడికి నలుగురిలో కాస్త పేరుంటే ఇంట్లో గొంతు తగ్గుతుంది."

ఇక దాచను. నువ్వు వద్దని రాసిన పనే జరిగింది. ఆ జంటకు దారి తనే చూపిస్తానని అమ్మ కౌజుపిట్టల కొండ ఎక్కింది. నేను అడ్డు చెప్పాను, నీ ఉత్తరం కూడా చూపించాను. మీ అన్న సైన్యంలో అధికారి, నాకు కాదు అంది. ఉల్రికే తోడు ఉంటుంది కాబట్టి మగవాళ్ళ వెంట ఒంటరిగా పోయినట్టు కాదనీ తనే తీర్పు చెప్పేసింది.

అన్నా, నువ్వు చూడవలసింది. చెప్పులు విప్పి కింద పెట్టింది. నల్లబట్ట అంచు నడుంలో దోపుకుంది. గెర్‌హార్డ్ తాడు తీసుకొస్తే, "నేను మేకను కాను, కట్టకు" అని పక్కకు నెట్టింది. నల్లచార దాటాక కుడికి, మనమెవరం చూడను కూడా చూడని నున్నటి బండ మీదకు, అరికాలు పూర్తిగా ఆనించి, తొందర లేకుండా, ఇంట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతున్నట్టు నడిచింది. మోకాళ్ళ నొప్పి నేల మీదేనట, రాతి మీద ఉండదట. ఒకచోట బండ రెండుగా పగిలి, మనిషికి అందనంత ఎత్తు గోడ వచ్చింది. ఇక ఇంతేననుకున్నాను. అమ్మ ఆ పగులులో చెయ్యి పెట్టి తడిమింది. లోపల మూడు రాళ్ళు, ఒకదాని మీద ఒకటి, మెట్లలా బిగించి ఉన్నాయి. పదిహేడో ఏట తను మోసుకొచ్చి దూర్చినవి. గెర్‌హార్డ్ వాటిని ఒక్కొక్కటే లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. వడ్రంగి కదా, బిగువు విలువ తెలుసు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, మిగతా దారంతా అలాగే ఎక్కాడు.

కొండపైన ఏముందో నేను ఇన్నేళ్ళు కిందనుంచి ఊహించుకున్నది ఏదీ కాదు. కింద అంతా ఎరుపు, పైన ఒక్కసారిగా తెలుపు. పెరుగు తోడుకున్నట్టు గుండ్రటి తెల్లటి గుమ్మటాలు, ఒకదాని వెనక ఒకటి. వాటి మధ్య గుంటల్లో మొన్నటి వాననీళ్ళు, ఒక పల్లంలో ముసలి జునిపెర్ చెట్టు. మన లోయ ఎర్ర తివాచీలా పరుచుకుని ఉంది. గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. పుట్టినప్పటి నుంచి ఈ రాళ్ళ మధ్యనే ఉన్నాను, ఇవి అందమైనవని ఎవరైనా అంటే తల ఊపేవాణ్ణి, అంతే. ఆ రోజు ఒక గుమ్మటానికి ఆనుకుని కూర్చుండిపోయాను.

అక్కడే తప్పు చేశాను. గెర్‌హార్డ్ తన పుస్తకంలో దారి గీసుకున్నాడు. వాళ్ళు ఊరికి వెళ్ళాక దాన్ని అచ్చు వేస్తారట. కొత్త దారికి పేరు పెట్టడం వాళ్ళ అలవాటు, ఏం రాయమంటావని నన్ను అడిగాడు. నేను నాన్న పేరు చెప్పాను. అమ్మ నీటిగుంట దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది, విన్నది. కాళ్ళు కడుక్కోవడం ఆపింది. కాసేపటికి మళ్ళీ కడుక్కుంది.

దిగాక నాకు తిండి సయించలేదు. ఆ చేతులు ఆగడమే కళ్ళ ముందు. మర్నాడు అమ్మ మేకల పాలు పితుకుతుంటే పక్కన కూర్చుని, నీ పేరు పెట్టించనా అని అడిగాను. పరాయివాళ్ళకు ఇంటి ఆడవాళ్ళ పేరు చెప్పడం మనకు లేదని నాకు తెలుసు. తిడుతుందనే అనుకున్నాను. పితకడం ఆపకుండా చెప్పింది.

"మీ అన్న పుట్టినప్పటి నుంచి మీ నాన్న నన్ను ఉమ్ దైఫల్లా అనే పిలిచాడు, దైఫల్లా తల్లి అని. లోకమంతా అదే పిలుపు. పేరు పెట్టి పిలిచేది మా అక్కొక్కతే, అదీ పోయి రెండేళ్ళయింది. ఇక ఆ పేరు ఎవరి నోటా లేదు. రాయికి పెట్టుకుంటామంటే పెట్టుకోనీ."

అప్పుడే పరుగున వాళ్ళ డేరాకి వెళ్ళి, రాసిన నాన్న పేరు కొట్టేయించాను. ఉల్రికే నాచేత మూడుసార్లు పలికించుకుని రాసింది: ఫిద్దా దారి. నాన్న పోయాక ఇంటికి పెద్దవు నువ్వు, ముందు నిన్నడగాలి. ఉత్తరం వెళ్ళి జవాబు వచ్చేలోపు వాళ్ళు వెళ్ళిపోతారని ఆగలేదు. ముతైర్ బాబాయి నాతో మాట్లాడటం మానేశాడు. నీకూ కోపం వస్తే నా మీదే చూపించు, తల వంచుకుని వింటాను. పేరు మాత్రం మార్చమని అడగకు. అది నావల్ల కాదు.

వాళ్ళు వెళ్ళేరోజు జీపు దగ్గర అందరం నిలబడ్డాం. ఉల్రికే అందరి ముందూ అమ్మ రెండు చేతులూ పట్టుకుని, తన పట్నం యాసలో "ఫిద్దా" అని పిలిచింది. బాబాయి మొహం తిప్పుకున్నాడు. అమ్మ ఒక్క క్షణం ఇంకెవరినో పిలిచారన్నట్టు చూసింది. ఆ తర్వాత, చిన్నప్పుడు అక్క పిలిస్తే ఎలా పలికేదో అలాగే కాబోలు, గొంతు సాగదీసి "ఆఁ" అంది.

ఇట్లు,
నీ మాట దాటిన తమ్ముడు,
సువైలిం