కంటి చార్టు

ఏవండీ, మీకు కనబడాలని క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. పన్నెండింటికి కంట్లో చుక్కలు వేసుకోండి. లారీ తాళాల కోసం వెతక్కండి, ఓనరుకి ఇచ్చేశాను.

హెవీ లైసెన్సు రెన్యువల్ కాలేదని మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఇరవై ఆరేళ్లలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. నా తలరాత కాకపోతే ఆ రోజే చార్టు మార్చాలా?" అంటున్నారు. తలరాతను తిట్టకండి. కంటి పరీక్షకి ముందురోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, "మా ఆయన చార్టు బట్టీ పట్టారు, వేరేది పెట్టండి" అని చెప్పింది నేనే.

వంటింట్లో కూర్చోబెట్టి ఆ అక్షరాలు మీచేత వల్లె వేయించిందీ నేనేగా. అప్పుడు లైసెన్సు వస్తే చాలనిపించింది. కానీ బుధవారం మన వీధి మలుపులో ఎర్ర గొడుగు పట్టుకుని మీకు చెయ్యి ఊపాను. లారీ టైరు నా చెప్పును రాసుకుంటూ పోయింది. ఇంటికొచ్చాక, "ఎక్కడికెళ్లావే ఇంతసేపు?" అని మీరే అడిగారు. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాను.

కోపం వస్తే నన్ను తిట్టండి. అన్నం మీద మాత్రం అలగకండి. సాయంత్రం షాపు కట్టేశాక వస్తాను.

కింద కొంచెం జాగా ఉందని ఇదీ రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం నిద్రలో ఆ పాత చార్టంతా పైనుంచి కిందిదాకా చదివారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పక్కనే కూర్చుని, "పాసయ్యారు" అన్నాను.