కింద పడ్డా ఇడువని ఆట

తమ్మీ శివకృష్ణా,

మేమందరం పానంతోనే ఉన్నం. జిల్లా టీముల ఆడే నీ మేనకోడలు రుచిత ఫుట్‌బాల్ ఇడిసిపెట్టి కుస్తీ పట్టిందని కోపంతోని ఉన్నవట. నువ్వు సిరిసిల్ల నుంచి పంపిన బూట్లు డబ్బాలనే ఉన్నయి. పిల్లను మాన్పియ్యమని అడిగే ముందు జర నా మాట ఇను.

మొదటి లాక్‌డౌన్ల బట్ట నేసే సాంచాలు బందైనంక మీ బావ చేతులు ఊకుండలేదు. దినాం నన్నే కొట్టిండు. ఒకనాడు కార్ఖానల నుంచి తెచ్చిన సాంచా కట్టెతోని నా మణికట్టు ఇరగ్గొట్టిండు. రుచిత ఉరికొచ్చి ఆయనను తన్నింది. ఆయన ఆ కాలే పట్టి గుంజిండు. పిల్ల నెత్తి గడపకు తాకి పగిలింది.

కుట్లేసినంక ఒక్కటే మాటన్నది. "ఒంటి కాలు మీద నిలవడి తన్నే ఆట నాకొద్దమ్మా. కింద పడ్డా ఇడువని ఆట నేర్సుకుంట."

మేము బతకొచ్చిన ఈ వడోద్‌ల మా కింది ఇంట్ల ఉండే పహిల్వాన్ చాచా, చిందీ గుడ్డల మూటలు పరిచి ఏడాది నేర్పిండు.

ఈ ఎండాకాలం సాంచాలు మళ్ల బందైనయి. ఆయన మళ్ల కట్టె లేపిండు. రుచిత రెండు కాళ్లు పట్టి పడేసి, చెయ్యి ఈపు మీదికి మెలిపెట్టింది. ఆయన మొత్తుకుంటుండు. "అమ్మా, ఇడువాల్నా?" అని నా దిక్కు జూసింది. నేను రొట్టె తిప్పుకుంట కూసున్న. ఎముక పటుక్కుమన్నంక, "ఇగ సాలు బిడ్డా" అన్న.

మీ బావ చెయ్యి సాంచాల పడి ఇరిగిందని నీకు ఫోన్ల చెప్పిన గద. ఆ దినం కార్ఖానకు తాళం ఉండె తమ్మీ.

మీ అక్క