వానొస్తే మూసుకునే కప్పు

థార్న్‌బరీ, మెల్బోర్న్,
మే 9.

మిల్టోస్‌కి,

ఇక్కడ నేను క్షేమం. మోకాలు కూడా దాదాపు క్షేమమే. అక్కడ నువ్వూ అత్తయ్యా బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఫోన్లో తేలిపోయేదానికి ఇన్ని కాగితాలు ఎందుకు ఖరాబు చేస్తోందా అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు సగం వింటావు, మిగతా సగం నువ్వే చెప్పేస్తావు. కాగితం మీదైతే చివరిదాకా నేనే మాట్లాడొచ్చు.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు. నిమ్మచెట్టు బాగుంది, ఈ ఏడాది కాయలు విరగకాశాయి, ఇరుగుపొరుగుకి బకెట్లతో పంచాను. వేణ్ణీళ్ల ట్యాంకు మార్పించాను. గ్యారేజీలో నీ సీసాలనీ పీపాలనీ సాలెపురుగులు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. ఇక నాలుగోది, "మన పెరట్లో ఎవరో ఆడమనిషి టేపు పట్టుకుని కొలతలు తీస్తోందట, ఏమిటి సంగతి?" అని. ఆ కబురు లెమ్నోస్ దీవిలో మీ కాఫీ కొట్టుదాకా వచ్చిందంటే అది మా తమ్ముడు అర్గిరిస్ చలవే. వాడి చెవిన ఒక మాట వేస్తే రెండు సముద్రాలు దాటేస్తుంది. ఐదోది, "ఇల్లు అమ్ముడుపోయిందా, ఎప్పుడొస్తున్నావు?" అని. దాని కింద మూడు గీతలు గీశావు. కాగితం చిరిగేంత గట్టిగా గీశావు. దానికి జవాబు రాస్తాను, కానీ ముందు కొలతల సంగతి చెప్పనీ. రెండూ ఒకటే సంగతి.

ముప్పై ఏళ్ల కిందట పెరటి వసారా మీద నువ్వు బిగించిన పచ్చ రేకు సెప్టెంబరు గాలికి లేచిపోయి పక్కింటి కోళ్లగూటి మీద పడిందని రాశాను కదా. అప్పట్నుంచీ అక్కడ నాలుగు గుంజలూ ఆకాశమూ మిగిలాయి. అమ్మని చూసుకోవడానికి వెళ్లిన నువ్వు నవంబరులో, ఆవిడని వదిలి ఇక రాలేను, ఇల్లు అమ్మేసి నువ్వే వచ్చెయ్ అని రాశావు. నేను సరేనన్నాను. జనవరిలో ఇళ్లమ్మే ఏజెంటు వచ్చి అన్నీ చూశాడు. వెనక తలుపు తీసి ముఖం చిట్లించాడు.

"అమ్మా, కొనేవాళ్లు ముందు వంటిల్లు చూస్తారు, తర్వాత ఈ తలుపు తీస్తారు. అప్పుడు గనక నెత్తిన వాన పడిందా, మళ్లీ కారెక్కేస్తారు. తెరిచి మూసుకునే కప్పొకటి వేయించండి. ఎండకీ వానకీ పనికొస్తుంది, ఇల్లు తొందరగా అమ్ముడుపోతుంది" అన్నాడు.

అలా మొదలైంది. కప్పులు వేసే కంపెనీ నుంచి కెర్రిన్ అనే ఆవిడ వచ్చింది. నా కంటే పదేళ్లు చిన్నదేమో. మగవాళ్ల బూట్లు, చెవిమీద పెన్సిలు. ఆవిడ వచ్చేసరికి ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండ, ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి ఇస్త్రీపెట్టె ముఖానికి దగ్గరగా పెట్టినట్టుంది. సగం కొలతలు అయ్యేసరికి గాలి తిరిగి దక్షిణం నుంచి చల్లగా కొట్టింది. మొత్తం అయ్యేసరికి వాన పడుతోంది, ఆవిడ ఒంటి మీద నీ గోధుమరంగు స్వెటరు ఉంది.

"నేనేం చెప్పక్కర్లేదు. సరుకు అమ్మే పని మీ ఊరే చేసిపెడుతోంది" అంది టీ తాగుతూ.

మూడు రకాలున్నాయట. ఒకటి గుడ్డది. మడతలు పడుతూ గోడవైపు వెళ్లిపోతుంది. అన్నిటికంటే చవక. నమూనా ముక్క నా చేతికిచ్చి, పదేళ్లు ఢోకా లేదంది. ముప్పై ఏళ్లు కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించినదాన్ని, నాకా చెప్పేది? గుడ్డ చిరిగేది మధ్యలో కాదు, మడత దగ్గర. రోజుకి నాలుగుసార్లు మడిచి విప్పితే ఏ గుడ్డయినా మూడేళ్లు. ఆ మాటే అంటే ఆవిడ నవ్వి నమూనా సంచిలో పెట్టేసుకుంది. రెండోది అల్యూమినియం పలకలది. అడ్డంగా పేర్చిన పలకలు మీట నొక్కితే నిలువుగా తిరుగుతాయి. వాన ఆగుతుంది, వడగళ్లకి చెక్కుచెదరదు, కానీ ఎంత తెరిచినా నెత్తిన చారలు చారలుగా ఉంటుంది. మూడోది గాజులాంటి పెద్ద పలకలది. ఒకదాని మీదికి ఒకటి జరిగి ఇంటివైపు పోతాయి, అప్పుడు ఆకాశం మొత్తం ఖాళీ. ఖరీదూ దానికి తగ్గట్టే.

"ఇక్కడ ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది, కాగితం మీద రాసుకోవడానికి.

"ఎవరైనా."

"ఎవరైనా అంటే?"

"ఎవరు కొనుక్కుంటే వాళ్లు."

పెన్సిలు ఆపింది. "అలాగైతే అల్యూమినియం పలకలది వేసి బూడిదరంగు కొట్టించండి. బూడిదరంగుని కాదనేవాళ్లు లేరు. ఇష్టపడేవాళ్లూ లేరనుకోండి" అంది.

సరేనన్నాను. ఆవిడ ఇంకా ఏవేవో అడిగింది. గాలి ఎటునుంచి కొడుతుంది, కప్పు కింద నిప్పు రాజేస్తారా, పొద్దున వాడతారా సాయంత్రమా. కొనేవాళ్ల ఇష్టం, కొనేవాళ్ల ఇష్టం అంటూ పోయాను. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. పరాయివాళ్ల పెళ్లికి బట్టలు కొంటున్నట్టుంది.

ఈలోగా ఈస్టరు వచ్చింది. ఈసారి బుల్లీన్‌లో మా తమ్ముడి ఇంట్లో. వాడూ వాడి పెళ్లాం తసూలా కిందటేడే గుడ్డ కప్పు వేయించారు. వాన చినుకు తగిలితే దానంతట అదే మూసుకునే రకం. వచ్చినవాళ్లందరికీ గ్లాసుతో నీళ్లు చిలకరించి మరీ చూపిస్తాడు. పొద్దున ఏడింటికే గొర్రెపిల్లని ఊచకి గుచ్చి బొగ్గులు రాజేశాడు. మబ్బుగా ఉందని ఊచ సరంజామా అంతా కప్పు కిందికి జరిపాడు. కప్పు తెరిచే ఉంది, పొగ పైకి పోతోంది, అందరం ఎర్రరంగేసిన పండగ గుడ్లు పట్టుకుని నిలబడ్డాం. పదకొండింటికి చినుకు పడింది. కప్పు బుద్ధిమంతుడిలా మూసుకోవడం మొదలెట్టింది.

"ఆపవే! ఆపు!" అని అరిచాడు అర్గిరిస్.

"నేనెక్కడ ఆపను? రిమోటు మీట నీ దగ్గరే కదా!" తసూలా.

"కోటు జేబులో ఉంది!"

"కోటెక్కడ?"

"కార్లో!"

"కారు తాళం?"

"కోటు జేబులో!"

అప్పటికి కప్పు పూర్తిగా మూసుకుంది. పొగ మనుషుల మీదికి దిగింది. ఒకళ్లకొకళ్లు కనబడక, కళ్లు కారుతూ, దగ్గుతూ సందులోకి పరుగెత్తాం. నలుగురు మగవాళ్లు ఊచని గొర్రెతో సహా భుజాన వేసుకుని వీధివైపు మోసుకొచ్చారు. మిగతా మూడు గంటలూ కార్లు ఆపే చోట, గొడుగుల కింద తిప్పాం. రుచికేం లోటు లేదు. కప్పు గుడ్డ మధ్యలో మాత్రం పళ్లెమంత గోధుమరంగు మచ్చ.

"కప్పు కింద నిప్పు పెడతారా అని వాళ్లు నిన్నడగలేదుట్రా?" అన్నాను.

"అడిగారు. లేదన్నాను."

"లేదని ఎందుకన్నావు?"

"ఏమిటక్కా నువ్వు, ఇది నిప్పా? ఇది పండగ!" అన్నాడు, నాకే బుద్ధి లేనట్టు.

నవ్వాగలేదు. మనవాళ్లలో ఎవర్ని అడిగినా అదే చెబుతారు. నువ్వయినా అదే చెబుతావు. కానీ ఇంటికొచ్చాక ఆలోచన పట్టుకుంది. ఆ ప్రశ్నకి నేనూ సరైన జవాబివ్వలేదు. మన పెరట్లో ముప్పై ఈస్టర్లు బొగ్గులు రాజేశాం. కొనేవాళ్లు రాజేస్తారో లేదో నాకేం తెలుసు?

మంగళవారం కెర్రిన్ వాళ్ల దుకాణానికి వెళ్లాను. అక్కడ మూడు రకాల కప్పులూ వేసి, పైనుంచి గొట్టంతో నీళ్లు కొట్టి చూపిస్తారు. బూడిదరంగు పలకల కింద కూర్చున్నాను, లేచి వచ్చేశాను. జరిగే గాజు పలకల కింద కూర్చున్నాను. నీళ్లు కొట్టారు. నెత్తిన వాన, ఒంటి మీద చుక్క లేదు. తర్వాత పలకలు జరిపారు. మొత్తం ఆకాశం. నేను కూర్చునే ఉన్నాను. కెర్రిన్ వేరే వాళ్లతో మాట్లాడి వచ్చినా కూర్చునే ఉన్నాను.

"ఇది తీసుకుంటాను" అన్నాను.

"కొనేవాళ్లకి ఇంత ఖరీదుది ఎందుకండీ?"

"నిప్పు రాజేస్తాం. ఏడాదికోసారి, గొర్రెపిల్ల. రాసుకో. పొద్దున పూటే ఎక్కువ కూర్చుంటాను, గాలి దక్షిణం పక్కనుంచి వస్తుంది, అటువైపు కప్పు ఒక అడుగు కిందికి దించు. ఇంకోటి, దానంతట అదే మూసుకునే యంత్రం వద్దు. మీట చాలు."

"అది మాత్రం ఉండాలండీ. మీరు ఊళ్లో లేనప్పుడు వానొస్తే?"

"నేను ఊళ్లోనే ఉంటాను" అన్నాను.

ఆవిడ మామూలుగా రాసుకుంది. అంతకుముందు ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు. నీళ్లడిగి తాగాను.

ఇక ఐదో ప్రశ్న, మిల్టోస్.

ఇల్లు అమ్ముడుపోలేదు. అమ్మకానికి పెట్టలేదు కూడా. జనవరిలో ఏజెంటు కాగితాల మీద సంతకం పెట్టేశానని రాశాను. అబద్ధం. ఆ కాగితాలు బల్లగుడ్డల సొరుగులో అడుగున ఉన్నాయి. సంతకం పెడదామని నాలుగుసార్లు తీశాను, నాలుగుసార్లూ బల్లగుడ్డలు మళ్లీ మడతపెట్టి లోపల పెట్టాను. ఇంటి ముందు బోర్డు ఫొటో పంపమన్నావు. ఎదురింటి వాళ్లది అమ్మకానికి ఉంది, దాని బోర్డు ఫొటో తీసి పంపాను. నువ్వు చూసి, మన గోడ రంగు బాగా వెలిసిందే అని రాశావు. అది చదివి నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను కూడా.

నీకు అబద్ధం చెప్పినందుకు సిగ్గుగా ఉంది. నా మాట నమ్మి అక్కడ నువ్వు గోడలకి సున్నం వేయించావు, అత్తయ్య తన బీరువాలో సగం నాకోసం ఖాళీ చేసింది. అది తలుచుకుంటే అన్నం సహించదు. సరేనన్నప్పుడు నిజంగానే అన్నాను, వస్తాననే అనుకున్నాను. మూడు నెలలు పరాయివాళ్ల కోసం కప్పు వెతికితే గానీ రానని తెలియలేదు. నాకిప్పుడు అరవై తొమ్మిది. ఈ ఊళ్లో పొద్దున కాటన్ గౌనుతో లేచి మధ్యాహ్నానికి ఉన్ని కోటు వెతుక్కోవడం నాకు అలవాటే కాదు, ఇష్టం. నువ్వంటే ఇష్టం లేక కాదు. పదకొండు నెలలుగా మంచంలో నీ వైపు దుప్పటి మడత విప్పలేదు. నువ్వు కోపం పెట్టుకుని ఉత్తరాలు మానేస్తావేమోనని భయంగా ఉంది. అయినా అక్కడికి వచ్చి ఉండలేను. సెప్టెంబరులో వస్తాను, ఒక నెల ఉంటాను, అత్తయ్యకి నేనే చెబుతాను. నువ్వు ఆవిడని వదిలి రాలేవు, రమ్మని అడగను.

దీంతోపాటు ఒక కాగితం పెట్టాను. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి కప్పు వేయడానికి మునిసిపాలిటీ వాళ్లకి ఇద్దరి సంతకాలూ కావాలట. నాది పెట్టాను. నీది ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టాను.

నీకు కోపం వస్తుంది, తెలుసు. రానీ. కానీ కాగితం చింపేముందు ఒక్కటి ఆలోచించు. మన పెళ్లయినప్పట్నుంచీ అత్తయ్యని ఇక్కడికి వచ్చెయ్యమని రాశావు. రెండుసార్లు టికెట్ కూడా పంపావు. ఆవిడ రాలేదు. "నా ఇల్లు ఇక్కడుంది నాయనా" అని రెండు టికెట్లూ తిప్పి పంపించింది. రెండోది తిరిగొచ్చిన రోజు నువ్వు వంటింట్లో కూర్చుని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నావు. నీకు కోపం రాలేదు. మర్నాడు పొద్దున బ్యాంకుకి వెళ్లి, ఆవిడ ఇంటికి కొత్త పెంకులు వేయించమని డబ్బు పంపించావు.

నాకు డబ్బు అక్కర్లేదు. సంతకం చాలు.

ఇట్లు,
నీ ఇల్లాలు
స్టమాటియా